పచ్చటి డెల్టా చాటున పస్తుల బాల్యం

(విద్యార్థులు, ఉద్యోగులు కలిసి ఏర్పాటు చేసుకున్న సభలో గోదావరి జిల్లాకు చెందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)





తెలంగాణ వాళ్ల సభలో గోదావరి జిల్లావాడికి ఏం పనని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. అనిపించడం న్యాయమే. ఉద్యమం సాగిన రోజుల్లో మా జిల్లాల పేరెత్తితే మీ కళ్ల ముందు మెదిలింది నిండు కాలవలు, ఏడాది పొడుగునా పంటలు, అక్కడి మిగులుతో ఇక్కడ కొన్న స్థలాలు. అదేం అబద్ధం కాదు. మా వరిచేలల్లో మిగిలిన డబ్బు రైసుమిల్లుల్లోకి, సినిమాల్లోకి, కాంట్రాక్టుల్లోకి, ఆపైన హైదరాబాదు శివార్లలోకి ఎట్లా నడిచొచ్చిందో మీకు నేను చెప్పక్కర్లేదు. మీరు ప్రత్యేక రాష్ట్రం అడిగినప్పుడు అది న్యాయమైన కోరికేనన్న ఆంధ్ర ప్రాంతపు కొద్దిమందిలో నేనొకణ్ణి. దానికి మా ఊళ్లో తిన్న తిట్లు ఇప్పుడెందుకు లెండి.

ఇవాళ నేను మాట్లాడేది ఆ డబ్బు పుట్టిన ఊళ్లలోనే, ఆ చేలగట్ల మీదే పెరుగుతున్న పేదపిల్లల గురించి. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు బడిలో పాఠం చెప్పాను. బడి హాజరుపట్టీ చూసి ఊరి సంగతి చెప్పగలను. నాట్లప్పుడు ఎవరు రారో, కోతలప్పుడు ఎవరు రారో, వరదొస్తే ఎవరు మాయమవుతారో, రొయ్యల చెరువు పట్టుబడి జరిగిన మర్నాడు ఎవరు నిద్రకళ్లతో వచ్చి వెనక బెంచీలో తలవాల్చేస్తారో, అంతా ఆ పట్టీలో రాసి ఉంటుంది. మా గోదావరి వాళ్లు మాటకు ముందు ‘ఆయ్’ అంటారని సినిమాల్లో చూసి మీరు నవ్వుకుంటారు గదా, హాజరు పిలిచినప్పుడు ఆ ‘ఆయ్’ వినపడని పేర్లే నాకు గుర్తుండిపోయాయి.

నీళ్లు, నిధులు, నియామకాలు అన్నారు మీరు. ప్రాంతానికీ ప్రాంతానికీ మధ్య తేలాల్సిన లెక్క అది. దానికోసం పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు, ఉద్యోగులు 2011లో నలభై రెండు రోజులు సకల జనుల సమ్మె చేశారు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. అయితే ఒకే ప్రాంతంలో ఇంటికీ ఇంటికీ మధ్య తేలాల్సిన లెక్క ఇంకొకటుంది. మా డెల్టాకు నీళ్లొచ్చి నూట డెబ్భై ఏళ్లు దాటింది. ఆ రెండో లెక్క ఇప్పటికీ తేలలేదు. అది మీకు తెలియాలనే వచ్చాను.

సగటు చేసే మోసం

ఆనకట్ట లేని రోజుల్లో మాది కూడా కరువు నేలే. 1833 నాటి కరువు, దాని వెంట వచ్చిన తుపాన్లు, దొరల శిస్తు వసూళ్లు కలిసి జిల్లాను ఊడ్చిపారేశాయి. 1821 ప్రాంతంలో 7 లక్షల 38 వేలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయిందని కుంఫిణీ వాళ్ల కాగితాలే చెప్తున్నాయి. పక్కనే గోదావరి నిండుగా పారుతూ ఉంది, జనం చస్తూ ఉన్నారు, వలసపోతూ ఉన్నారు. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరంలో పని మొదలెట్టి 1852కు ఆనకట్ట ముగించాడు. సుమారు పది లక్షల ఎకరాలు పచ్చబడ్డాయి. అందుకే ఊరూరా ఆయనకు విగ్రహం పెట్టుకున్నాం, పూలదండలు వేస్తున్నాం. వెయ్యాల్సిందే. కాకపోతే కాటన్ తవ్వింది కాలవలు మాత్రమే. ఆ నీళ్లు పారిన చేను ఎవరి పేరున ఉండాలన్నది ఆయన చేతిలో లేదు. ఆ తర్వాత ఎవరి చేతిలో ఉందో వాళ్లు దాని జోలికి పోలేదు.

ఉపాధి హామీ సంగతే చూడండి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలైంది. దేశంలో వెనకబడినవని ఎంచిన 200 జిల్లాలకు మొదటి విడత. హైదరాబాదు తప్పిస్తే మీ జిల్లాలు దాదాపు అన్నీ ఆ మొదటి విడతలోనే ఉన్నాయి. తూర్పు గోదావరికి 2007లో వచ్చింది. పశ్చిమ గోదావరికి రావడానికి 2008 ఏప్రిల్ దాకా పట్టింది. కారణం? అది ధనిక జిల్లా. ఎకరా దిగుబడి ఎక్కువ, చదువుకున్నవాళ్లు ఎక్కువ, బ్యాంకుల్లో డిపాజిట్లు ఎక్కువ. అన్నీ కూడి, భాగించి, సగటు తీశారు. ఆ సగటులో పోలవరం ఏజెన్సీ కొండరెడ్డి పిల్లాడికీ, కొల్లేటి లంకలో చేపలు పట్టే ఇంటి పిల్లకూ, భీమవరం మేడలో పుట్టిన పిల్లాడికీ ఒకటే అంకె వచ్చింది. కూలివాడు ధనిక జిల్లాలో పుట్టిన పాపానికి అతని బిడ్డలు రెండేళ్లు ఆగాల్సి వచ్చింది.

కౌలు సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి. డెల్టాలో పొలం ఒకరి పేరున ఉంటుంది, సాగు ఇంకొకరిది. భూమి గలాయన పట్నం చేరాడు, లేదా అమెరికాలో కొడుకు దగ్గరున్నాడు. ఎకరాకు ఇన్ని బస్తాలని, 75 కిలోల బస్తా లెక్కన, నాటు పడకముందే మాట అయిపోతుంది. సార్వా పంట వర్షాలకూ తుపాన్లకూ ఎదురెళ్లే పంట. డ్రెయిన్లు పూడిపోయి నీళ్లు దిగకపోతే వారం రోజులు చేలో నిలుస్తాయి, పంట కుళ్లుతుంది. దాళ్వా వచ్చాకే కౌలుదారు ఊపిరి పీల్చుకుంటాడు. పంట పోయినా బస్తాలు కొలవాల్సిందే. పంట నష్టపరిహారం పట్టా ఎవరి పేరునుంటే వాళ్లకు పడుతుంది. పంట పోయింది ఇతనికి, పరిహారం పడేది ఆయనకు. మధ్యలో మిల్లరు దగ్గర అప్పు, ఎరువుల కొట్టు దగ్గర అప్పు. అలాంటి ఇంట్లో మొదట ఆగేది పిల్లల గుడ్డు, పాలు. తర్వాత ఆడపిల్ల చదువు. ఇది ఏ ప్రభుత్వ నివేదికలోనూ ‘విద్య’ అనే శీర్షిక కింద కనపడదు, పంట నష్టం అనే శీర్షిక కిందా కనపడదు.

కోనేరు రంగారావు కమిటీ 2006లోనే చెప్పాల్సినవన్నీ చెప్పింది. 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. అదే ఏడాది కోనసీమ రైతులు గిట్టుబాటు లేదని ఖరీఫ్‌కు పంట విరామం ప్రకటించారు. దేశమంతా రాశారు. రైతుల కోపంలో న్యాయముంది, నేను కాదనను. కానీ పంట విరామమంటే నాట్లు లేవు, కోతలు లేవు. కూలి ఇంట్లో పొయ్యికి కూడా విరామమే. ఆ ఇళ్ల పిల్లల గురించి అప్పుడు ఎంతమంది రాశారు? 2019లో పంట సాగుదారు హక్కుల చట్టమని ఇంకొకటి తెచ్చారు. పదకొండు నెలల కార్డు. దానికి భూయజమాని సంతకం కావాలి. కౌలుదారు పేరు కాగితం మీద పడితే పొలం పోతుందని భయపడే యజమాని ఆ సంతకం ఎందుకు పెడతాడు? సంతకం అడిగినవాడికి వచ్చే ఏడు పొలం దక్కదు. అడగనివాడికి బ్యాంకు అప్పు దక్కదు.

భూమి చేతిలో లేని కుటుంబం ఎంత సన్నటి దారం మీద నిలబడి ఉంటుందో చూడాలంటే పశ్చిమ గోదావరిలో గరగపర్రు పేరు గుర్తు చేసుకోండి. 2017లో అంబేడ్కర్ విగ్రహం పెట్టుకుంటామన్నందుకు అక్కడి దళితులను ఊరు వెలివేసింది. కూలి పనులకు పిలవలేదు, కౌలు పొలాలు వదిలెయ్యమన్నారు. పెద్దవాళ్లకు అది ఆత్మగౌరవ పోరాటం, నిలబడ్డారు. ఆ రోజుల్లో ఆ ఇళ్ల పిల్లలు ఏం తిన్నారన్నది కూడా పోరాటంలో భాగమే గదా. దళితులకు సొంతంగా రెండెకరాలు ఉన్న ఊళ్లో ఇట్లాంటి వెలి ఎన్ని రోజులు నిలుస్తుంది? పేదపిల్లల సంక్షేమానికి భూమితో ఏం సంబంధమని అడిగేవాళ్లకు నేను ఈ ఊరి పేరు చెప్తుంటాను.

కువైట్ తల్లులు

మీ కరీంనగర్, నిజామాబాదు పల్లెల నుంచి మగవాళ్లు దుబాయి పోతారు. శవపేటికల్లో తిరిగొచ్చినవాళ్ల కథలు మీకు తెలుసు. మా దగ్గర నుంచి ఆడవాళ్లు పోతారు. కువైట్, మస్కట్, ఖతార్. ఇళ్లల్లో పని. గోదావరి జిల్లాల లంకల్లో, మెరక ఊళ్లలో, దళిత వాడల్లో, బీసీ పేటల్లో వీధికి పది ఇళ్లు చూస్తే కొన్నింట్లో తల్లి ఉండదు.

విదేశాల్లో ఇంటిపనికి పోయే ఆడమనిషికి 30 ఏళ్లు నిండి ఉండాలని మన ప్రభుత్వ నిబంధన. కాపాడటానికే పెట్టారు. పోవాల్సిన అవసరం మాత్రం పాతికేళ్లకే వస్తుంది. అప్పుడు ఏజెంటు దొరుకుతాడు, విజిటింగ్ వీసా దొరుకుతుంది, వయసు మారిన కాగితం కూడా దొరుకుతుంది. అట్లా పోయిన మనిషి ఏ రాయబార కార్యాలయం లెక్కలోనూ ఉండదు. యజమాని జీతమివ్వకపోతే, కొడితే, పాస్‌పోర్టు లాగేసుకుంటే చెప్పుకునే దిక్కుండదు. మొదటి ఏడాది, ఏడాదిన్నర జీతమంతా ఏజెంటు అప్పుకే పోతుంది. ఆ తర్వాత వచ్చే డబ్బుతో ఇల్లు లేస్తుంది. గోదావరి జిల్లాల్లో రంగులేసిన చిన్న డాబా ఇల్లు చూసి ఈ ఊళ్లో పేదరికం పోయిందని రాసుకెళ్లే అధికారులున్నారు. ఆ డాబాలో అమ్మమ్మా ముగ్గురు పిల్లలే ఉన్నారని ఆయన రాసుకోడు.

నేను పనిచేసిన ఒక బడిలో ఎనిమిదో తరగతి పిల్ల ఉండేది. లెక్కల్లో చురుకు. తల్లి కువైట్‌లో, తండ్రి తాగుడు, అమ్మమ్మకు చూపు ఆనదు. తమ్ముళ్లకు తలలు దువ్వి, వండిపెట్టి, వాళ్లను బడికి తోలి తను రెండో పీరియడుకు వచ్చేది. ఆలస్యమెందుకని ఒకటి రెండుసార్లు అందరి ముందూ అడిగేసరికి మూడోసారి రావడమే మానేసింది. ఇంటికి పోతే అమ్మమ్మ అంది, “పిల్ల పెద్దదయ్యింది బాబూ, తల్లి లేని ఇంట్లో ఎన్నాళ్లుంచుతాం, సంబంధం చూస్తున్నాం” అని. పద్నాలుగేళ్లు. ఆవిడ దుర్మార్గురాలు కాదు. ఆ పిల్లను కాపాడే దారి ఆవిడకు అదొక్కటే తెలుసు. ఆ పెళ్లి ఆపగలిగాం. బడికి మాత్రం తిరిగి తేలేకపోయాం. చట్టానికి పెళ్లి ఆపడం వచ్చు. తమ్ముళ్లకు అన్నం ఎవరు వండిపెడతారన్న ప్రశ్నకు చట్టంలో జవాబు లేదు.

ఆ పిల్లకు కావాల్సింది ఏమిటి? హాస్టలని చప్పున అంటాం. హాస్టల్లో చేరిస్తే తమ్ముళ్లు ఏం కావాలి? ఇట్లాంటి ఇళ్లకోసమే బాలల సంరక్షణ పథకాల్లో స్పాన్సర్‌షిప్ అని ఒకటుంది. మిషన్ వాత్సల్య కింద 2022 నుంచి నెలకు 4,000 రూపాయలు. పిల్లల్ని అనాథాశ్రమానికి తరలించకుండా, సొంత ఇంట్లోనో బంధువుల ఇంట్లోనో ఉంచి చదివించడానికి. ఆలోచన బంగారం లాంటిది. కానీ పల్లెల్లో ఆ కుటుంబం ఏడాది ఆదాయం 72,000 దాటకూడదని షరతు పెట్టారు. అంటే నెలకు 6,000. ఆలుమగలిద్దరూ నెలకు పది పన్నెండు రోజులు కూలికి పోతే ఆ గీత దాటిపోతారు. తండ్రి చనిపోతే, తల్లిని వదిలేస్తే, తల్లిదండ్రులకు ప్రాణాంతకమైన జబ్బు చేస్తే అర్హత ఉంది. తల్లి కువైట్‌లో ఇంకొకరి పిల్లల్ని పెంచుతుంటే ఇక్కడ ఆమె పిల్లలు ఏ గడిలోకి వస్తారో దరఖాస్తు ఫారంలో కనపడదు. తల్లి ఖాతాలో పడే పథకాలదీ అదే తంతు. తల్లి దేశంలోనే లేదు, వేలిముద్ర ఎవరెయ్యాలి?

సముద్రం ఒడ్డున ఇంకో రకం కాగితం. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానుకు భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకు పోయిన మత్స్యకారులు వందల మంది తిరిగి రాలేదు. సముద్రంలో పోయిన మనిషి శవం దొరకదు. శవం లేకపోతే మరణ పత్రం లేదు. ప్రభుత్వం ప్రత్యేకంగా ఉత్తర్వు ఇస్తే తప్ప, ఏడేళ్లు ఆచూకీ లేకుంటే గాని మనిషి పోయాడని చట్టం ఒప్పుకోదు. ఏడేళ్లంటే ఒకటో తరగతి పిల్ల ఎనిమిదో తరగతికి వస్తుంది. తండ్రి లేని పిల్లకు వచ్చేదేదైనా అప్పటికి వస్తే ఎంత, రాకపోతే ఎంత?

చేపల చెరువులు, రొయ్యల చెరువుల గురించి ఒక్క మాట. వరికన్నా లాభమని తవ్వారు. తవ్విన చోట వరికూలి పోయింది, చుట్టుపక్కల ఊళ్ల మంచినీటి చెరువులు ఉప్పుతేలాయి. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్లు ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కుని తాగుతున్నారు. నాట్లు పోయిన ఆడవాళ్లు రొయ్యల షెడ్లకు పోతున్నారు. చేతివేళ్లు ఐసుకు చచ్చుపడేలా రొయ్య తలలు తీసే పని. పెద్దపిల్లలు సెలవుల్లో తోడుపోతారు, సెలవులు ముగిశాక కొందరు అక్కడే ఉండిపోతారు.

ఏడు మండలాల పిల్లలు

ఇప్పుడు మీకూ మాకూ ఇద్దరికీ సంబంధించిన సంగతి. భద్రాచలం డివిజన్ 1959 దాకా తూర్పు గోదావరిలో ఉండేది, తర్వాత ఖమ్మంలో కలిపారు. 2014లో పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాలను ఆంధ్రలో కలిపారు. అప్పుడు మీరు బందులు చేశారు, మా వాళ్లు సంబరాలు చేశారు. కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం కోయ పిల్లల్ని ఎవరూ ఏమీ అడగలేదు. భద్రాచలం ఆస్పత్రి కూతవేటు దూరంలో ఉంది, కాకపోతే అది వేరే రాష్ట్రం. వాళ్లలో చాలామందికి జిల్లా కేంద్రం మొదట కాకినాడ అయ్యింది, 2022లో పాడేరు అయ్యింది. మ్యాపు మీద వేలు పెట్టి చూడండి, చింతూరు నుంచి పాడేరుకు బస్సులో పోవడమంటే ఏమిటో. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఆ ఊళ్లు మునిగాయి. ఆ వరద తీశాక భద్రాచలం పక్కనున్న ఐదు పంచాయతీల జనం మమ్మల్ని తెలంగాణలో కలపండని రోడ్డెక్కారు.

పోలవరం కింద ఖాళీ చెయ్యాల్సిన కుటుంబాలు లక్షకు పైమాటే. ఎక్కువమంది కోయలు, కొండరెడ్లు, దళితులు. 2019 నుంచి కాఫర్ డ్యాం వెనక నీళ్లు ఎగదన్ని దేవీపట్నం మండలం ఊళ్లు మునిగాయి. పునరావాస కాలనీ అని వరసగా గదులు కట్టారు. కొండమీద ఉన్నప్పుడు ఆ పిల్లలకు డబ్బుల్లేకపోయినా జీలుగు, తునికాకు, చింతపండు, వెదురుకొమ్ము, ఏటి చేప ఉండేవి. అడవి ఇచ్చే ఆ తిండి ఏ ఆదాయ ధ్రువపత్రంలోనూ లేదు. అందుకే నష్టపరిహారం లెక్కలోకీ రాలేదు. కాలనీకొచ్చాక ఉప్పు మొదలు ప్రతిదీ కొనాలి. పేదరికం అక్కడ కొత్తగా తయారయ్యింది. ఆ నీళ్లు ఎవరికోసం? మా డెల్టాలో దాళ్వా ఎండకుండా ఉండటానికి, విశాఖకు, కృష్ణకు. డెల్టా పిల్లాడి అన్నం కోసమని చెప్పి ఏజెన్సీ పిల్లాడి అన్నం తీసుకున్నారు. ఆ అన్నం డెల్టా పిల్లాడి కంచంలోకైనా చేరిందా అంటే, ఇందాకటి నుంచి నేను చెప్తున్నది అదే గదా.

అట్లాగని ఏమీ జరగలేదని నేను అనను. అలా అనడం మన ఉద్యమాల్లో ఒక జబ్బు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బళ్లలో వండిన అన్నం పెట్టాలని ఉత్తర్వు ఇచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరి నుంచి పెట్టారు. ఆ ఏడాది నా క్లాసులో మధ్యాహ్నం తర్వాత కూడా పిల్లలు నిలబడ్డారు. అంతకుముందు ఒంటిగంటకు ఇంటికి పోయినవాళ్లు తిరిగొచ్చేవాళ్లు కాదు. ఇంటి దగ్గర కూడా ఏమీ లేదన్న సంగతి మాకు ఆలస్యంగా అర్థమయ్యింది. 2020లో దానికి గోరుముద్ద అని పేరు పెట్టి గుడ్లు, చిక్కీలు పెంచారు. 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. మా కోనసీమ లంకల గన్నవరంలో ఆకలన్న ప్రతి మనిషికీ అన్నం పెట్టిన తల్లి ఆమె, ఆ పేరు తగినదే. ఆ పేరున అన్నం వండే మనిషికి మాత్రం నెలకు మూడు వేల గౌరవ వేతనం. ఆమె కూడా ఆ బడిలోనే చదివే పిల్లల తల్లి. పిల్లల పేదరికం తగ్గించే పథకం, వండే తల్లిని పేదగా ఉంచి నడుస్తోంది. అంగన్‌వాడీ అక్కలూ అంతే. తెలంగాణ కన్నా వెయ్యి ఎక్కువిస్తామన్న మాట నిలబెట్టుకోమని ఆంధ్రలో 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేస్తే వాళ్ల మీద ఎస్మా పెట్టారు. మూడేళ్ల పిల్లలకు గుడ్డు ఉడకబెట్టి పెట్టే మనిషి పని అత్యవసర సర్వీసని ఆ రోజు ఒప్పుకున్నారు, జీతం దగ్గర ఒప్పుకోలేదు.

2020లో అమ్మ ఒడి అని తల్లికి 15,000 ప్రకటించారు. తల్లికొక్క బిడ్డకే. 2025లో తల్లికి వందనం అని ఎంతమంది పిల్లలుంటే అంతమందికీ ఇచ్చారు. డబ్బు తల్లి చేతికి రావడం మంచిదేనని నా అనుభవం. ఆ డబ్బుతో పిల్లలకు చెప్పులు కొన్న తల్లుల్ని చూశాను, వడ్డీ కట్టుకున్న తల్లుల్నీ చూశాను. వడ్డీ కట్టడం కూడా తప్పు కాదు. కానీ అదే సమయంలో 2022లో 117 జీవో పేరుతో మూడు, నాలుగు, అయిదు తరగతులను పక్కూరి హైస్కూళ్లలో కలిపారు. కాలవగట్టు మీద రెండు కిలోమీటర్లు ఎనిమిదేళ్ల పిల్ల ఒంటరిగా నడవాలి. చాలామంది తల్లులు ఆ 15,000 తీసుకెళ్లి ప్రైవేటు బడి బస్సుకు కట్టారు. ఆ జీవోను తర్వాత మార్చారు. ఈలోగా బడి మారిన పిల్లలు వెనక్కి రాలేదు.

ఇక మీ సంగతి. మీరు కోపగించుకోకూడదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. రక్తం చాలని పిల్లలు మా దగ్గర 63.2, మీ దగ్గర 70. రాష్ట్రమొచ్చి అప్పటికి ఐదారేళ్లు దాటింది. చెరువులు నిండాయి, వడ్ల కొనుగోళ్లు ఎన్నడూ లేనంత పెరిగాయి. వడ్ల రాశి పక్కన రక్తం లేని పిల్ల. ఈ బొమ్మ నాకు బాగా తెలుసు, మా ఊరిదే. 2018లో రైతుబంధు అన్నారు, ఎకరాకు పంటకు నాలుగు వేలు, తర్వాత అయిదు వేలు. పట్టా ఉన్నవాడికి ఇచ్చారు, కౌలుదారుకు ఇవ్వలేదు. 2020లో వచ్చిన ధరణిలో అనుభవదారు కాలమే లేకుండా చేశారు. మా డెల్టాలో నూరేళ్లు పట్టిన జబ్బు మీరు ఆరేళ్లలో తెచ్చుకున్నారు. 2025 జనవరిలో భూమిలేని కూలి కుటుంబాలకు ఏడాదికి 12 వేలని ఇంకో పథకం మొదలుపెట్టారు. అది ఎంతమందికి అందుతుందో మీరు కాపలా కాయాలి. నీళ్ల కోసం అంత కొట్లాడిన వాళ్లకు ఇది పెద్ద పని కాదు.

మీ దగ్గర నేర్చుకోవాల్సినవీ ఉన్నాయి. 1971లో సర్వేల్‌లో గురుకులం పెట్టింది మీ నల్లగొండ జిల్లాలోనే. శాంతా సిన్హా గారు రంగారెడ్డి జిల్లా పల్లెల్లో, బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అని చెప్పి వేల మంది పిల్లల్ని పొలాల్లోంచి బడికి తెచ్చారు. పేదరికం పోయాక పిల్లలు బడికొస్తారులే అనే మాటను ఆమె ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోను. నా అనుభవంలో దానికి ఇంకొక్కటే కలపాలి. బడికొచ్చిన పిల్ల నిలబడాలంటే ఆ ఇంట్లో ఒక పెద్దమనిషికి వేళకు కూలి దొరకాలి, ఆ ఇంటి పేరు ఏదో ఒక కాగితం మీద ఉండాలి.

విద్యార్థులకు, ఉద్యోగులకు నేను పెద్ద పనులేం చెప్పను. మీలో రెవెన్యూ వాళ్లున్నారు, పంచాయతీరాజ్ వాళ్లున్నారు, టీచర్లున్నారు. ఆదాయ ధ్రువపత్రం మీద సంతకం పెట్టే చెయ్యి మీదే. 72 వేల గీత మీద మీ సంఘాలు తీర్మానం చెయ్యండి, ఆ గీత పెంచమనండి. వలసపోయిన తల్లుల పిల్లలను, మీ దగ్గరైతే వలసపోయిన తండ్రుల పిల్లలను, ఆ పథకంలో విడిగా చేర్చమనండి. కౌలుదారు కార్డుకు యజమాని సంతకం బదులు గ్రామసభ తీర్మానం చాలనమనండి. ఇది మా రాష్ట్రంలో మేం అడుగుతాం, మీ రాష్ట్రంలో మీరడగండి. ముంపు మండలాల విషయం మాత్రం ఇద్దరం కలిసి అడగాలి. ఆ పిల్లలు ఏ రాష్ట్రం బడిలో చదివినా, ఏ రాష్ట్రం ఆస్పత్రికి పోయినా అడ్డు చెప్పకూడదని రెండు ప్రభుత్వాల మధ్య ఒక ఒప్పందం కావాలి. సరిహద్దు గీసేటప్పుడు పట్టిన తొందర దీనికి పట్టలేదు.

విద్యార్థులకు ఇంకొకటి. సమాచార హక్కు చట్టం ఉంది. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో అయిదు రూపాయలు, జిల్లాలో పది. మీ జిల్లాలో స్పాన్సర్‌షిప్ కోసం ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని మంజూరయ్యాయి, ఎన్ని నెలల డబ్బు బాకీ ఉంది, ఆదాయం ఎక్కువని ఎన్ని తిప్పికొట్టారు అని నాలుగే ప్రశ్నలు రాసి వెయ్యండి. మా జిల్లాలో నేను వేశాను. ముప్పై రోజుల గడువులో ఇంకా పన్నెండు రోజులున్నాయి. జవాబొచ్చాక ఈ పత్రికకే పంపుతాను. మీవి కూడా పంపండి, పక్కపక్కన వేయించుకుని చూద్దాం.

సెలవు.